కంట్లో తెల్ల వలయం: ఏ వయసులో వచ్చిందన్నదే అసలు ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం.

అరవై దాటినవాళ్లు మా ఓపీకి వచ్చి తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టర్‌గారూ, నల్లగుడ్డు చుట్టూ తెల్లగా వస్తోంది, శుక్లమా?" అని. కొందరికి మనవరాలే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చూపించి పంపిస్తుంది. రాత్రంతా నిద్ర లేకుండా పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. అది శుక్లం కాదండీ. శుక్లం కనుపాప వెనక, లోపలి కటకానికి పడుతుంది. ఇది కంటి ముందు పొర అయిన కార్నియా అంచులో వస్తుంది. డాక్టర్లు దీన్ని ఆర్కస్ సెనిలిస్ అంటారు.

ఇది మొదట పై రెప్ప చాటున ఉంటుంది కాబట్టి చాలాకాలం ఎవరి కంటా పడదు. మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి, కిందికి చూడమని, పై రెప్పను వేలితో కొంచెం ఎత్తితే కార్నియా పై అంచున బూడిద రంగు కలిసిన తెల్లటి నెలవంక కనిపిస్తుంది. కింది రెప్ప లాగితే అక్కడ ఇంకొకటి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రెండూ పక్కలకు పాకి కలిసిపోతాయి, వలయం పూర్తవుతుంది. వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు. స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దది చేసి చూపే మా పరికరం, కింద చూస్తే బయటి అంచు తేటగా తెలుస్తుంది, లోపలి అంచు మాత్రం మసకమసకగా కలిసిపోతుంది. వలయానికీ తెల్లగుడ్డుకీ మధ్య సన్నటి ఖాళీ చోటు ఉంటుంది. ఆ ఖాళీ ఉందో లేదో మేం తప్పకుండా చూస్తాం. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ తెలుపు ఏమిటంటే, కొవ్వు. ముఖ్యంగా కొలెస్ట్రాల్. కార్నియాకు రక్తనాళాలు ఉండవు. దాని అంచు చుట్టూ మాత్రం సన్నటి రక్తనాళాలు ఉంటాయి. కాలవ గట్టు పక్కన ఉన్న మడికి తేమ ఊరినట్టు, ఆ నాళాల్లోంచి కొవ్వు మెల్లగా కార్నియా అంచులోకి ఊరుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ నాళాల గోడలు ఎక్కువ వదులుతాయి. అందుకే రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్న పెద్దవాళ్లలో కూడా ఈ వలయం వస్తుంది. ఎనభై దాటినవాళ్లలో ఇది లేనివాళ్లే అరుదు. మగవాళ్లలో కాస్త ముందు వస్తుంది. ఆడవాళ్లలో ముట్లు ఆగిపోయాక పెరుగుతుంది.

చూపుకు దీనివల్ల ఏ నష్టమూ లేదు. మనం చూసేది కార్నియా మధ్య భాగం గుండా. వలయం అంత లోపలికి రాదు. దీనికి చుక్కల మందు లేదు, ఆపరేషన్ లేదు, అవసరమూ లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "తెల్లపొర కరుగుతుంది" అని ఎవరో చెప్పారని తేనె, ఆముదం, నందివర్ధనం రసం కంట్లో పోసుకుని వచ్చినవాళ్లను చూశాను. వలయం కరగలేదు. సూక్ష్మజీవులు చేరి కార్నియా పుండు పడింది. ఆ పుండు మానాక పడే పువ్వు నల్లగుడ్డు మధ్యలో పడితే ఉన్న చూపు కాస్తా పోతుంది. దయచేసి కంట్లో ఏమీ పోసుకోవద్దు.

"అయితే గుండెజబ్బుకు ఇది గుర్తు అంటారు కదా?" అని మీలో కొందరు అడగబోతున్నారు. ఆ అనుమానం పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో అప్పట్లోనే ఈ వలయానికీ రక్తనాళాల్లో పేరుకునే కొవ్వుకీ సంబంధం ఉందని అనుకున్నాడు. దీన్ని తేల్చడానికి బాగా పనికొచ్చింది డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ నగరంలో జరిగిన అధ్యయనం. 1976లో మొదలైంది. దాదాపు 13 వేల మంది కళ్లను ముందే పరీక్షించి రాసి పెట్టుకున్నారు. సగటున 22 ఏళ్లు వాళ్లను గమనించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. వయసును లెక్కలోకి తీసుకున్నాక, ఈ వలయం ఉన్నవాళ్లకు లేనివాళ్ల కంటే గుండెపోటు ఎక్కువగా రాలేదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో గుర్తు నిలబడింది. కనురెప్పల మీద, ముక్కు వైపు మూలలో పసుపు రంగులో మెత్తగా ఉబ్బే మచ్చలు ఉంటాయి చూడండి, వాటిని జాంథెలాస్మా అంటారు. అవి ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు నిజంగానే ఎక్కువ. మనవాళ్లు వాటిని పులిపిరులనుకుని పట్టించుకోరు. అవి ఉంటే లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోండి.

డెబ్బై ఏళ్ల మనిషి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఎలాగూ చూపించుకోవాల్సిందే. కంట్లో వలయం వచ్చిందని కొత్తగా టెన్షన్ పడాల్సింది లేదు. ఇంకొకటి, కొలెస్ట్రాల్ మాత్రలు వాడినా ఈ వలయం పోదు. "మాత్ర పనిచెయ్యడం లేదు, తెలుపు అలాగే ఉంది" అని మానేసినవాళ్లు ఉన్నారు. మాత్ర పనితనం రక్త పరీక్షలో తెలుస్తుంది, అద్దంలో కాదు.

ఇక నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలని వచ్చిన సంగతి. ఇదే వలయం నలభై, నలభై అయిదు లోపు వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది.

ముప్పై నాలుగేళ్ల అబ్బాయి కళ్లజోడు కోసం వచ్చాడు. కంప్యూటర్ ముందు తలనొప్పి అన్నాడు. స్లిట్ ల్యాంప్‌లో రెండు కళ్లకూ పైనా కిందా తెల్లటి చారలు స్పష్టంగా ఉన్నాయి. "మీ నాన్నగారు ఎలా ఉన్నారు బాబూ?" అని అడిగాను. "నా చిన్నప్పుడే పోయారండీ, హార్ట్ ఎటాక్" అన్నాడు. చెప్పులు విప్పమని మడమ పైన పట్టి చూశాను. అక్కడ కండను ఎముకకు కలిపే బంధనం మామూలు కంటే లావుగా, గడ్డకట్టినట్టు ఉంది. రక్త పరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 280 దాటింది. మనిషి సన్నంగా ఉంటాడు. సిగరెట్ లేదు, మందు లేదు. జబ్బు ఉందని అతనికి తెలియజెప్పే నొప్పి ఒక్కటీ లేదు.

దీన్ని ఫెమీలియల్ హైపర్‌కొలెస్ట్రొలీమియా అంటారు, అంటే వంశంలో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ పట్టుకుని తీసెయ్యాలి. పట్టుకునే గ్రాహకాలు పుట్టుకతోనే సరిగా లేకపోతే అది రక్తంలో మిగిలిపోతుంది. ఈ గ్రాహకాల సంగతి కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. ప్రపంచంలో సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. డాక్టర్లు ఈ జబ్బును గుర్తించడానికి వాడే డచ్ పాయింట్ల పద్ధతిలో 45 ఏళ్ల లోపు కంట్లో వలయం ఉంటే 4 పాయింట్లు, మడమ దగ్గర గడ్డలాంటివి ఉంటే 6 పాయింట్లు ఇస్తారు. అంత విలువైన గుర్తు ఇది.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో మాట. మేనరికాలు మనకు ఎక్కువ. ఇద్దరిలోనూ ఈ లోపం ఉండి పెళ్లి జరిగితే, బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే ప్రమాదం ఉంది. అరుదే, కానీ అలాంటి పిల్లలకు పదేళ్లకే కంట్లో వలయం, మోచేతుల మీదా మోకాళ్ల మీదా పసుపు గడ్డలు కనిపిస్తాయి. చికిత్స లేకపోతే ఇరవై ఏళ్ల లోపే గుండెపోటు రావచ్చు.

అందుకే ఆ అబ్బాయిని ఫిజీషియన్ దగ్గరికి పంపి వదిలెయ్యలేదు. అతని చెల్లెలికీ, ఇద్దరు పిల్లలకీ పరీక్ష చేయించమన్నాం. ఒక బిడ్డకు ఎల్‌డీఎల్ ఎక్కువగానే ఉంది. ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టవచ్చు. ముందే పట్టుకుంటే వీళ్లు అందరిలాగే నిండు జీవితం గడపగలరు. ఆహార నియమం మంచిదే, కానీ ఈ జబ్బుకు అదొక్కటే చాలదు.

ఇంకో రెండు సంగతులు త్వరగా చెబుతాను. వలయం ఒక కంట్లోనే ఉండి రెండో కంట్లో లేకపోతే, లేని వైపు మెడలోని రక్తనాళం పూడుకుపోయిందేమో స్కాన్‌తో చూడాలి. ఆ కంటికి రక్తం తక్కువగా అందితే కొవ్వూ తక్కువగానే చేరుతుంది మరి. రెండోది, చిన్న వయసులో వలయం తెల్లగా కాక గోధుమ, పసుపుపచ్చ రంగులో, ఖాళీ లేకుండా అంచు దాకా ఉంటే అది కొవ్వు కాదు, రాగి. విల్సన్ జబ్బు, అంటే ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు. లివర్‌నూ మెదడునూ దెబ్బతీస్తుంది. ఇందాక ఖాళీ చోటు చూస్తామన్నది ఇందుకే.

చివరగా, "మా కళ్లు ముసలివైపోయాయి, తెల్లబడ్డాయి, దానానికి పనికిరావు" అని ఎవరూ అనకండి. మార్పిడికి వాడేది కార్నియా మధ్యలోని ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క. వలయం దానికి బయట ఉంటుంది. ఈ వలయం నేత్రదానానికి అడ్డంకి కాదు. మనిషి పోయిన ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి, కాబట్టి వెంటనే ఐ బ్యాంక్‌కు ఫోన్ చెయ్యాలి. ఈలోగా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టాలి. ఈ మాట మీ ఇంట్లో అబ్బాయికో కోడలికో ఇవాళే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ వేళ ఫోన్ చెయ్యాల్సింది వాళ్లే.

టార్చిలైటు తెచ్చాను. చూపించుకోవాలనుకునేవాళ్లు వరసగా రండి. మీతో వచ్చిన కొడుకులూ కూతుళ్లూ ఎవరైనా ఉంటే, ముందు వాళ్లను పంపించండి.