విమానం తలుపు: లోపలివారు, బయటివారు

సభకు నమస్కారం.

కేబిన్ క్రూ, ఆగిన విమానం దగ్గర బయటి పనులు చూసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సిబ్బంది ఒకే గదిలో కూర్చుని తలుపుల గురించి మాట్లాడుకునే సందర్భాలు అరుదు. వీరి శిక్షణ వేరు, యూనిఫారం వేరు, చాలాచోట్ల జీతమిచ్చే సంస్థ కూడా వేరు. అయినా రోజూ వీరిద్దరూ కలిసి పనిచేసేది ఒకే తలుపు దగ్గర. ఆ తలుపు మూసి ఉన్నంతసేపూ లోపలివారికి బయట ఏముందో, బయటివారికి లోపల ఏముందో పూర్తిగా తెలియదు. తలుపు ప్రమాదాలకు మూలం చాలావరకు ఈ తెలియకపోవడమేనని నా అభిప్రాయం.

ముందుగా స్లైడ్ సంగతి చూద్దాం. అత్యవసర సమయంలో ప్రయాణికులు జారి దిగడానికి ఉపయోగపడే ఈ గాలి జారుడుబల్ల తలుపు లోపలి అడుగు భాగంలో మడతపెట్టి ఉంటుంది. విమానంలోని తలుపుల్లో సగమే పనిచేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్నది నియమం. అందుకే స్లైడ్ విచ్చుకోవడం మొదలైన ఆరు సెకన్లలో నిలబడేలా దానిని తయారుచేస్తారు. సిలిండరులోని గ్యాస్ ఒక్కసారిగా విడుదలై, చుట్టుపక్కల గాలిని కూడా లోపలికి లాక్కుంటూ దానిని నింపుతుంది. ఇంత బలంతో విచ్చుకునే వస్తువుకు ఎదురుగా మెట్ల మీద మనిషి నిలబడి ఉన్నాడా, కేటరింగ్ లారీ ఆగి ఉందా అన్న విచక్షణ ఉండదు. ప్రాణాలు కాపాడే వేగమే, అక్కరలేని వేళ తెరుచుకుంటే ప్రాణాల మీదికి తెస్తుంది.

తలుపును బయటినుంచి తెరిస్తే స్లైడ్ దానంతటదే డిస్‌ఆర్మ్ అవుతుందని, అంటే విచ్చుకోకుండా ఉంటుందని, విమానాలు ఆగే అప్రాన్ మీద పనిచేసేవారిలో కొందరు గట్టిగా నమ్ముతారు. ఎయిర్‌బస్ ఏ320 విషయంలో ఆ మాట నిజం. బోయింగ్ 737 విషయంలో అది నిజం కాదు. అందులో స్లైడ్‌కు తగిలించి ఉండే గర్ట్ బార్ అనే కడ్డీని కేబిన్ క్రూ వంగి, తమ చేత్తో నేల మీది కొక్కేల్లో బిగించాలి. తీయవలసినప్పుడు మళ్లీ చేత్తోనే తీయాలి. అది బిగించి ఉండగా బయటివారు హ్యాండిల్ తిప్పి తలుపు లాగితే స్లైడ్ వారి మీదికే వస్తుంది. దీనికి గుర్తుగా తలుపు అద్దానికి అడ్డంగా ఎర్ర పట్టీ పెడతారు. ఆ అద్దం చాలా చిన్నది. ఎండ పడితే మెరుపు తప్ప ఏమీ కనిపించదు. అయినా చేయి హ్యాండిల్ మీదికి వెళ్లేముందు చూపు ఆ అద్దం మీదికి వెళ్లాలి. ఒకే షిఫ్టులో రెండు రకాల విమానాల దగ్గర పనిచేసేవారు ఏ320 అలవాటును 737 దగ్గరికి తీసుకువెళ్లడం చాలా సులభంగా జరిగే పొరపాటు.

రెండోది, ఎగిరేటప్పుడు కేబిన్‌లో నిలిపి ఉంచే గాలి పీడనం దిగాక కూడా కొంత మిగిలిపోవడం. ఏ320 ముందు తలుపు వైశాల్యం దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. లోపలి పీడనం బయటికన్నా వాతావరణ పీడనంలో నూటికి ఒక వంతు ఎక్కువగా ఉన్నా, తలుపు మీద సుమారు 150 కిలోల బరువుకు సమానమైన తోపుడు పడుతుంది. 2000 నవంబర్ 20న మయామీలో అత్యవసరంగా దిగిన ఒక ఏ300 విమానంలో పీడనం తగ్గలేదు. తెరుచుకోని తలుపుతో కేబిన్ క్రూ సభ్యుడొకరు పెనుగులాడుతుండగా అది ఒక్కసారిగా విసురుగా తెరుచుకుని, ఆయన బయటికి ఎగిరిపడి మరణించారు. అందువల్ల హ్యాండిల్ మామూలుకన్నా బిగువుగా అనిపిస్తే మరింత బలం ఉపయోగించకూడదు, వెంటనే ఆపి కాక్‌పిట్‌కు చెప్పాలి. ఏ320 తలుపు అద్దం దగ్గర వెలిగి ఆరే ఎర్ర దీపం ఈ హెచ్చరిక కోసమే ఉంది. దానిని లోపలివారితోపాటు బయటివారు కూడా గుర్తుపట్టగలగాలి.

ఇక కింద పడిపోవడం. స్లైడ్ గురించి శిక్షణలో గంటల తరబడి చెబుతాం కానీ, దీనిని రెండు మాటల్లో ముగిస్తాం. నా దృష్టిలో ఎక్కువ సమయం కేటాయించవలసింది దీనికే. ఏ320 గడప నేలకు మూడు మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. బోయింగ్ 777 గడప దాదాపు ఐదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. 2018 అక్టోబరులో ముంబైలో 777 తలుపు మూస్తూ కేబిన్ క్రూ సభ్యురాలొకరు కింద పడి గాయపడ్డారు. 2024 మేలో జకార్తాలో తలుపు తెరిచి ఉండగానే మెట్లను పక్కకు లాగేస్తుంటే, ఆ సంగతి గమనించక బయటికి అడుగు వేసిన గ్రౌండ్ సిబ్బంది ఒకరు కింద పడిన దృశ్యాన్ని మీలో చాలామంది వీడియోలో చూసే ఉంటారు. కాగితాలు చేతులు మారుతుంటాయి, ఎవరో లోపలినుంచి పలకరిస్తారు, మనిషి వెనక్కి తిరిగి మాట్లాడుతూనే అడుగు వేస్తాడు. క్షణం క్రితం అక్కడున్న మెట్టు ఇప్పుడు ఉండదు. తలుపుకు అడ్డంగా కట్టే పట్టీ రక్షిస్తుందని కూడా అనుకోవద్దు. అది మనిషి బరువును ఆపడానికి తయారైనది కాదు, ఇక్కడ ఖాళీ ఉందని కళ్లకు చెప్పడం వరకే దాని పని.

మెట్లు తీసే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు చాలామంది మెట్లు నడిపేవారిదని జవాబిస్తారు. మెట్లు నడపడం వారి పనే. తీయవచ్చునని చెప్పవలసింది మాత్రం తలుపు దగ్గరున్నవారు. తలుపు మూసి, హ్యాండిల్ తన గాడిలో ఒదిగిందని బయటివారు కంటితో చూశాకే చక్రాలు కదలాలి. తెరిచేటప్పుడు వరుస మారుతుంది: మెట్లు లేదా ఏరోబ్రిడ్జ్ సరిగా ఆనిన తరువాత బయటివారు తలుపు తట్టాలి, లోపలివారు డిస్‌ఆర్మ్ చేసి సహోద్యోగితో క్రాస్‌చెక్, అంటే మరోసారి సరిచూసుకోవడం, పూర్తిచేసుకుని అద్దంలోంచి బొటనవేలు చూపాలి, బయటివారు అదే సైగతో బదులివ్వాలి. బదులు రాకపోతే మళ్లీ తట్టాలి. నాలుగు సెకన్ల ఈ వ్యవహారాన్ని టర్న్‌అరౌండ్ (దిగిన విమానాన్ని మళ్లీ బయలుదేరదీయడం) ఆలస్యం ఖాతాలో వేసే సూపర్‌వైజర్లు ఉన్నారు. వారితో వాదించవలసిన బాధ్యత మెట్లు తోసే కుర్రవాడి మీద వేయడం అన్యాయం. ఆ మాట యాజమాన్యమే ముందుగా రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి.

అన్నిటికన్నా చిక్కైనది, మూసిన తలుపును మళ్లీ తెరవవలసి రావడం. లోపల అప్పటికే స్లైడ్‌ను ఆర్మ్ చేసి, అంటే తలుపు తెరిస్తే విచ్చుకునేలా సిద్ధం చేసి ఉంటారు, ఇంతలో మరచిపోయిన కాగితమో, దిగిపోతానంటున్న ప్రయాణికుడో గుర్తుకు వస్తుంది. ఇటువంటప్పుడు అద్దంలోంచి సైగలు సరిపోవు. నిర్ణయం కెప్టెన్ నుంచి రావాలి, మెట్లు మళ్లీ ఆనాలి, డిస్‌ఆర్మ్, క్రాస్‌చెక్ మొదటినుంచి జరగాలి. సగంలోంచి అందుకోవడానికి ఇందులో వీలు లేదు.

ఇప్పుడు పక్క గదిలో ఉన్న నమూనా తలుపు దగ్గరికి వెళదాం. కేబిన్ క్రూ బయట, గ్రౌండ్ సిబ్బంది లోపల నిలబడి ఈ వరుసను చేసి చూడండి. అద్దం ఎంత చిన్నదో అప్పుడు ఇరువురికీ తెలుస్తుంది.