కోచ్ కాంట్రాక్ట్ పొడిగించాలా, వద్దా? ఎక్సెల్‌లో తేల్చేద్దాం

హాయ్ అండీ, నమస్తే. మైక్ ఆన్‌లోనే ఉంది, ఈసారి ముందే చూసుకున్నాను. కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌కి కాంట్రాక్ట్ పొడిగించాలా, వద్దా... ఇవాళ ఎక్సెల్‌లో ఆ గొడవ తేల్చేద్దాం. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళకి తెలుసు కదా, మార్చి వచ్చిందంటే క్యాంపస్‌లో ఇదే గోల.

ఉదాహరణకి కెంటకీ యూనివర్సిటీ తీసుకున్నాను. కోచ్ జాన్ కాలిపారి. 2009లో వచ్చాడు, 2012లో జాతీయ టైటిల్ కొట్టాడు, 2015లో 38 గెలిచి ఒక్కటే ఓడాడు. 2019లో ఇంకో పెద్ద యూనివర్సిటీ అతని మీద కన్నేసిందని వార్తలొచ్చాయి. వెంటనే కెంటకీ పదేళ్ళ కాంట్రాక్ట్ చేతిలో పెట్టింది, 86 మిలియన్ డాలర్లు. దాన్నే లైఫ్‌టైమ్ కాంట్రాక్ట్ అన్నారు. మనం ఇప్పుడు 2024 మార్చి చివర్లో ఉన్నాం అనుకోండి. ఇతన్ని ఉంచుకోవాలా, పంపేయాలా?

సరే, కొత్త షీట్. ఏ కాలమ్‌లో సీజన్, బీలో గెలుపులు, సీలో ఓటములు, డీలో మార్చి టోర్నీ, అంటే జాతీయ టైటిల్ తేల్చే టోర్నీలో గెలుపులు. టకటకా కొట్టేస్తున్నా, మీరు పాజ్ పెట్టుకోండి. 2020 నుంచి 2024 దాకా వరసగా 25-6, 9-16, 26-8, 22-12, 23-10. అయిపోయింది. డీలో 2020కి మాత్రం ఖాళీ వదిలేయండి, సున్నా వద్దు. ఆ ఏడాది కోవిడ్ వల్ల టోర్నీయే జరగలేదు. సున్నా పెడితే యావరేజ్‌లోకి వెళ్ళిపోతుంది, ఖాళీగా ఉంటే వెళ్ళదు. 2021కి సున్నానే, ఎందుకంటే టోర్నీకి పిలుపే రాలేదు. 2022కి సున్నా, 2023కి 1, 2024కి సున్నా.

ఇప్పుడు డీ మొత్తం... ఇదిగో, 1. పెద్ద కాంట్రాక్ట్ తర్వాత ఐదు సీజన్లలో ఒకే ఒక్క గెలుపు. 2022లో 15వ సీడ్ సెయింట్ పీటర్స్ చేతిలో ఓడారు. సీడ్ అంటే టోర్నీలో జట్టుకిచ్చే ర్యాంకు, 1 నుంచి 16 దాకా; నంబర్ పెద్దదైతే జట్టు చిన్నదని లెక్క. 2024లో 14వ సీడ్ ఓక్లండ్ చేతిలో, 80-76.

ఇక్కడే చాలామంది షీట్ మూసేసి 'తీసెయ్యండి' అంటారు. ఆగండి. 2018లో వర్జీనియా టాప్ సీడ్ అయ్యుండి 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో చిత్తయింది. కోచ్ టోనీ బెన్నెట్‌ని ఉంచుకున్నారు, మరుసటి ఏడాదే టైటిల్ కొట్టాడు. అందుకే నేనైతే డీ పక్కన కెన్‌పామ్ ర్యాంకులు కూడా పెడతాను, 100 పొజెషన్లకి ఎన్ని పాయింట్లు వేశారు, ఎన్ని ఇచ్చారు అన్న లెక్క. పూర్తిగా చూడాలంటే డబ్బు కట్టాలి, కట్టినా నష్టం లేదు. 2024 కెంటకీ చూడండి: అటాక్ దేశంలో మొదటి పదిలో, డిఫెన్స్ 100 అవతల. అంటే ఓక్లండ్ మ్యాచ్ ఒక్క రాత్రి దురదృష్టం కాదు.

ఇప్పుడు అసలు స్టెప్. దయచేసి ఫార్వర్డ్ చేయకండి, నేను బోల్తా పడింది ఇక్కడే. బయౌట్, అంటే గడువుకి ముందే పంపేస్తే యూనివర్సిటీ కట్టాల్సిన డబ్బు. ఎఫ్‌లో మిగిలిన సీజన్లు, ఐదు. జీలో జీతం మిలియన్లలో: మొదటిది 8.5, తర్వాత నాలుగూ 9. కే1లో 75 శాతం, కాంట్రాక్ట్‌లో ఉన్నది అదే. హెచ్2లో ఈక్వల్ టు, జీ2 ఇంటూ కే1. ఎంటర్. 6.375. కిందకి లాగండి.

చూశారా, కింద అన్నీ సున్నాలు! మొదటిసారి నేను ఇది గమనించలేదు. మొత్తం 6.4 మిలియన్ అని వచ్చింది. 'ఇంతేనా, ఇచ్చి పంపేయొచ్చుగా' అని ఫ్రెండ్స్ గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టేశాను. పరువు పోయింది. జరిగిందేంటంటే, కిందకి లాగినప్పుడు కే1 కాస్తా కే2, కే3 అయిపోయింది, అక్కడేమో ఖాళీ. మళ్ళీ హెచ్2కి రండి, కే1 మీద కర్సర్ పెట్టి కీబోర్డ్‌లో ఎఫ్4 కీ కొట్టండి. డాలర్ కే డాలర్ 1 అయింది. డాలర్ల లెక్కలో డాలర్ గుర్తే మర్చిపోయాను, ఏం చెప్పమంటారు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ కూడా నొక్కాలి. ఇప్పుడు లాగండి... మొత్తం 33.375. మూడు కోట్ల ముప్పై మూడు లక్షల డాలర్ల పైమాటే.

అందుకే, పొడిగించేటప్పుడే కే1 గురించి బేరమాడాలి. సంవత్సరాలు ఇవ్వక తప్పదు. కాంట్రాక్ట్‌లో రెండేళ్ళే మిగిలితే, 'నువ్వు చదువు ముగించేదాకా ఆ కోచ్ ఉండడు' అని అవతలి కాలేజీవాళ్ళు కొత్తగా చేరబోయే కుర్రాళ్ళ చెవిలో ఊదుతారు, మంచి రిక్రూట్లు జారిపోతారు. సంవత్సరాలు ఇవ్వండి, శాతం దగ్గర గట్టిగా ఉండండి. కే1లో 50 కొట్టి చూడండి. 22.25. ఒక్క సెల్ మారిస్తే 11 మిలియన్ తేడా.

కెంటకీ ఏం చేసిందంటారా? కాలిపారి కొనసాగుతాడని మార్చి చివర్లో అథ్లెటిక్ డైరెక్టర్ మిచ్ బార్న్‌హార్ట్ ప్రకటించాడు. రెండు వారాల్లో కాలిపారి తనంతట తానే ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు, అదీ అదే కాన్ఫరెన్స్‌లోకి, అంటే కెంటకీ ఆడే లీగ్‌లోకే! కెంటకీ బయౌట్ కట్టే పనే లేకపోయింది. హెచ్ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేయొచ్చు. నేను మాత్రం ఉంచుకుంటున్నా, కంట్రోల్ ఎస్.