చెయ్యి దూరని సందులో బోల్టు బిగించడం: రెక్క లోపల బెల్‌క్రాంక్ దగ్గర

నమస్కారం అండీ. కర్నూలు పక్కన కల్లూరులో, మా రేకుల షెడ్డు నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ మేం రెండు సీట్ల చిన్న విమానం కిట్టు కట్టుకుంటున్నాం. ఈ రోజు రెక్క లోపల ఒకే ఒక్క బోల్టు బిగిస్తాం. పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. పది దాటితే ఈ షెడ్డులో చేతికి చెమట పట్టి నట్టు జారిపోతుంది.

మా మేనల్లుడు కెమెరా పట్టుకున్నాడు. రొంత లోపలికి పెట్టరా. ఆ, అట్లా.

రెక్క అడుగున మూత విప్పితే ఇదీ కన్నం, అరచెయ్యి పట్టేంత. లోపల కనిపించే త్రికోణపు రేకు బెల్‌క్రాంక్, ఒక కడ్డీ కదలికను ఇంకో కడ్డీకి అందిస్తుంది. పైలట్ పట్టుకునే స్టిక్ నుంచి వచ్చే కడ్డీ ఒక మూల, రెక్క వెనక అంచున కదిలే పలక, అదే ఎయిలెరాన్‌, దానికి వెళ్ళే కడ్డీ ఇంకో మూల. కడ్డీ కొసన ఉన్న రాడ్ ఎండ్ బేరింగు, అంటే నడుమ కన్నం ఉన్న గుండు, బెల్‌క్రాంక్ రెండు చెవుల మధ్య కూర్చోవాలి. దానికి అటొక వాషరు, ఇటొక వాషరు. అంటే ఐదు కన్నాలు వరసగా కలిస్తేనే బోల్టు దూరుతుంది. ఇక్కడ చెయ్యి పెడితే కంటికి కనబడదు, చూద్దామంటే చెయ్యి బయటికి తీయాలి.

ముందు బోల్టు సంగతి. ఇది ఏఎన్3 రకం విమాన బోల్టు, 3/16 అంగుళం లావు. తల మీద ఇంటూ గుర్తు ఉంది చూడండి, విమానాల ఉక్కు బోల్టుకు అది ఉండాలి. దీని మర 10-32, అంటే అంగుళానికి 32 చుట్లు. మన బజారులో దొరికే ఐదు మిల్లీమీటర్ల ఎం5 నట్టు కూడా దీని మీదకు ఎక్కుతుంది. మర దూరం రెంటిలోనూ దాదాపు ఒకటే, 0.79, 0.8 మిల్లీమీటర్లు. కానీ ఎం5 లావు ఎక్కువ కాబట్టి మర అంచు మాత్రమే అందుతుంది. తిప్పితే తిరిగింది కదా అని దాన్ని వదిలేస్తే గాల్లో ప్రాణం పోతుంది. అందుకే మా షెడ్డులో మిల్లీమీటరు సామాను వేరే డబ్బాలో, వేరే అరలో ఉంటుంది. పానా కూడా 3/8 అంగుళానిదే వాడండి. 10 నంబరు పానా అర మిల్లీమీటరు వదులుగా ఉంటుంది, నట్టు మూలలు అరిగిపోతాయి.

ఇప్పుడు నాలుగు వాషర్లు లెక్కపెట్టి ఈ మూతలో వేస్తున్నా. కన్నం అడుగున గుడ్డ కూడా కుక్కాను. పోయిన ఎండాకాలం గుడ్డ పెట్టకుండా చేస్తే ఒక వాషరు జారి రెక్కలోకి పోయింది. రెండు రోజులు వెతికాను, రెక్క నిలబెట్టి తట్టాను, చివరికి ఒక రిబ్, అంటే రెక్క లోపలి అడ్డ పలక, మూలలో దొరికింది. దొరక్కుండా మూత వేసే ప్రశ్నే లేదు. అది ఎగురుతుండగా జరిగి కంట్రోలు కడ్డీకి అడ్డం పడితే స్టిక్ కదలదు.

వాషరు పెట్టడానికి వేళ్ళు వద్దు. పలచటి అల్యూమినియం పట్టీ కొసను వాషరు పట్టేంత గుంటగా కత్తిరించుకున్నా. వాషరుకు ఒక వైపు చిటికెడు గ్రీజు, పట్టీకి అంటుకుంటుంది. గ్రీజు మరకు అంటకూడదు. టార్కు, అంటే నట్టు తిప్పే బలం, దాని లెక్కలు పొడి మరకు ఇచ్చినవి, జిడ్డుంటే అదే టార్కుకు బోల్టు ఎక్కువ లాగబడుతుంది.

ఇక అసలు కిటుకు. బోల్టంత లావు ఉక్కు కడ్డీ ముక్కకు ఒక కొస సూదిగా సాన పట్టుకున్నా. దాన్ని ముందు దూర్చాలి. పై చెవి, వాషరు, బేరింగు... ఆగండి, అట్లా... రెండో వాషరు, కింది చెవి. సూది మొనకు కన్నాలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇప్పుడు పైనుంచి బోల్టు కొసను ఈ కడ్డీ తలకు ఆనించి మెల్లగా తోస్తే కడ్డీ కిందికి వస్తుంది, బోల్టు దాని చోట కూర్చుంటుంది. వాషర్లు కదిలే సందే ఉండదు.

నట్టు, పానాలో పెట్టి వెనక టేపు అంటించా, కింద పడదు. ముందు ఎడమకు తిప్పండి. చిన్నగా టిక్ అని దిగినట్టు వేలికి తెలుస్తుంది. మర మొదలు కలిసిన చోటు అదే. అక్కడ నుంచి కుడికి. మొదట్లోనే పట్టేసినట్టు ఉంటే బలం చెయ్యకండి, మర అడ్డంగా ఎక్కింది, వెనక్కి తీయండి.

ఇది నైలాన్ నట్టు, లోపలి నైలాన్ రింగు మరను పట్టుకుంటుంది కాబట్టి దిగేటప్పుడే బరువుగా తిరుగుతుంది. ఆ బరువు టార్క్ రెంచ్‌లో చూశా, 4 అంగుళ పౌండ్లు. ఏఎన్3కి కావాల్సింది 20 నుంచి 25. దానికి ఈ 4 కలపాలి. నేను 26 తీసుకుంటా. కానీ ఈ సందులో రెంచ్ కొసకు క్రో ఫుట్ అనే చిన్న పానా ముక్క తగిలించాలి, అది రెంచ్‌ను అంగుళం పొడవు చేస్తుంది. నా రెంచ్ 10 అంగుళాలు. 26ను 10తో గుణించి 11తో భాగిస్తే 23 ముప్పావుకు కొంచెం తక్కువ. రెంచ్ అక్కడ పెడతా. క్రో ఫుట్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా, 90 డిగ్రీల్లో తగిలిస్తే ఈ లెక్క అక్కర్లేదు, 26కే పెట్టొచ్చు.

క్లిక్ మంది. అద్దంలో చూడండి, నట్టు దాటి ఒకటిన్నర మర బయటికి వచ్చింది. కనీసం ఒకటి ఉండాలి. నట్టు మీద నుంచి రేకు మీదకు పసుపు గీత గీస్తున్నా, రేపు కదిలితే విరిగి కనబడుతుంది. వేలితో సులువుగా తిరిగే పాత నైలాన్ నట్టును తిరిగి వాడకండి. బోల్టు తిరిగే చోట, ఇంజన్ వేడి తగిలే చోట కూడా ఈ నట్టు పనికిరాదు.

మూతలో వాషర్లు రెండు మిగలాలి. రెండే ఉన్నాయి. గుడ్డ తీశా.

"మామా, మూత వేసేద్దామా?"

ఇప్పుడే కాదురా. నువ్వు నా లెక్క చూడకుండా మొత్తం మళ్ళీ చూడు. స్టిక్ కదిలించు, అద్దం పెట్టు, నట్టు మీద చెయ్యి వెయ్యి. నువ్వు సరే అన్నాకే మూత.