పాంబన్ దాటే రైలు

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కాశీ వెళ్ళొచ్చాక, రామేశ్వరం కూడా చూసి వస్తేనే యాత్ర పూర్తయినట్టు అంటారు. కాశీ నుంచి తెచ్చిన గంగతో రామనాథస్వామికి అభిషేకం చేయించాలి. సేతువు దగ్గరి ఇసుక తీసుకెళ్ళి ప్రయాగలో కలపాలి. మా నాయనమ్మ అలా గంగ చెంబు ఒళ్ళో పెట్టుకుని రామేశ్వరం రైల్లో కూర్చున్నప్పుడు నాకు పదేళ్ళు. మండపం దాటగానే పెట్టెలో మాటలన్నీ ఆగిపోయాయి. రైలు మనిషి నడకలా మెల్లగా కదులుతోంది. కిటికీలోంచి కిందికి చూస్తే పట్టాల పక్కన నేల లేదు, నీళ్ళే. నాయనమ్మ కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ళ తీసి సముద్రంలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. ఎదురు సీట్లో ఒకావిడ ఖాళీ చేపల బుట్ట మీద చెయ్యి వేసుకుని కునికిపాట్లు పడుతోంది. ఆవిడది పాంబన్. మేం జన్మకోసారి చేసే ప్రయాణం ఆవిడకు ఇంటికెళ్ళే దారి.

ఆవిడ రైలు గురించే ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

పాంబన్ ఒక ద్వీపం. రామేశ్వరం ఊరు ఆ ద్వీపంలోనే ఉంది. తూర్పు కొసన, సన్నటి ఇసుక తిన్నె మీద ధనుష్కోడి. పడమటి వైపు సముద్రపు పాయ, దానికి అవతల మండపం, అక్కడి నుంచి మన నేల. ఈ పాయ మీద కట్టిన రైలు వంతెన మీద రాకపోకలు 1914 ఫిబ్రవరి 24న మొదలయ్యాయి. పొడవు 2 కిలోమీటర్లకు కాస్త పైనే. అప్పట్లో దాన్ని కట్టించినవాళ్ళ మనసులో ఉన్నది మన యాత్రికులు కాదు, సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక. అంతకుముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్ళాలంటే తూత్తుకుడి దాకా రైల్లో వెళ్ళి, అక్కడ స్టీమరెక్కి ఎంతో దూరం సముద్రం మీద వెళ్ళాల్సి వచ్చేది. ధనుష్కోడి నుంచి సిలోను ఒడ్డున ఉన్న తలైమన్నారుకు దూరం 35 కిలోమీటర్ల లోపే. అందుకని రైలును ధనుష్కోడి దాకా తీసుకెళ్ళారు. మద్రాసు ఎగ్మూరులో టికెట్టు కొంటే చాలు, రైలు, మధ్యలో ఓడ, అటు వైపు మళ్ళీ రైలు, అన్నీ కలిపి కొలంబో దాకా చెల్లేది. జనం దాన్ని బోట్ మెయిల్ అని పిలిచారు. ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఆ రైల్లో దొరలూ వ్యాపారులూ మాత్రమే వెళ్ళారనుకుంటే పొరపాటు. సిలోను తేయాకు తోటల్లోకి కూలికి వెళ్ళిన వేలమంది ఆ దారినే వెళ్ళారు. వాళ్ళను ఓడ ఎక్కించే ముందు జబ్బులేమైనా ఉన్నాయేమోనని మండపంలో క్యాంపు పెట్టి ఆపేవారు. ఆ ఊరి పేరులో 'క్యాంపు' అనే మాట ఇంకా మిగిలే ఉంది.

వంతెన మధ్యలో ఓడలు వెళ్ళడానికి దారి వదలాలి కదా. షెర్జర్ అనే అమెరికా ఇంజినీరు పేరు మీద వచ్చిన పద్ధతిలో, పట్టాలతో సహా రెండు రెక్కలు చెరో వైపు పైకి లేచేలా కట్టారు. ఆ రెక్కలు లేపింది కరెంటు మోటార్లు కాదు, మనుషులు. పొడవాటి ఇనప కడ్డీలు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి చక్రాలు తిప్పేవాళ్ళు. చెమట ఓడుస్తూ వాళ్ళు తిప్పుతుంటే ఆ ఇనప రెక్క అంగుళం అంగుళం చొప్పున ఆకాశానికి లేచేది. ఓడ వెళ్ళిపోయాక మళ్ళీ దించేవాళ్ళు. నూరేళ్ళకు పైగా ఆ వంతెన పనిచేసిందంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చేతులే. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా రంగు వేసినవాళ్ళ చేతులు కూడా.

ఆ ద్వీపంలో రైలు ఎంతగా కలిసిపోయిందో చెప్పడానికి మనందరికీ తెలిసిన ఒక పిల్లవాడు చాలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మెయిలు రైలు రామేశ్వరంలో ఆగడం మానేసింది. పేపర్ల కట్టలను నడుస్తున్న రైల్లోంచి కిందికి విసిరేవాళ్ళు. వాటిని ఏరి, ఊళ్ళో పంచే బంధువుకు అందించి, జీవితంలో మొదటి సంపాదన అందుకున్న ఆ పిల్లవాడే తర్వాత మన రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలామ్.

ఇక 1964 డిసెంబరు. 22వ తేదీ రాత్రి తుఫాను ద్వీపం మీద పడింది. పాంబన్ నుంచి ధనుష్కోడికి 653 నంబరు ప్యాసింజరు బయల్దేరింది. చిన్న బండి, ఆరు పెట్టెలు. ధనుష్కోడి ఇంకాస్త దూరం ఉందనగా సిగ్నల్ పడలేదు. చీకటి, వాన, గాలి. డ్రైవరు పొడవుగా కూత వేసి, కాసేపు చూసి, మెల్లగా ముందుకు కదిలాడంటారు. ఆ తర్వాత సముద్రం లేచింది. బండి మొత్తాన్ని తీసుకుపోయింది. అధికారిక లెక్కలో పోయినవాళ్ళు సుమారు 115 మంది. టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళను కలుపుకుంటే ఇంకా ఎక్కువేనని అక్కడివాళ్ళ మాట. ధనుష్కోడి ఊరు కూడా ఆ రాత్రే పోయింది. స్టేషను, పోస్టాఫీసు, చర్చి, ఇళ్ళు, అన్నీ. మన సావిత్రి గారు, జెమినీ గణేశన్ గారు ఆ రోజుల్లో రామేశ్వరంలోనే ఉండి, వంతెన తెగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు.

సరిగ్గా ఈ చోటే చాలామంది కథ ఆపేస్తారు. కానీ ద్వీపం మీద బతికి ఉన్నవాళ్ళ సంగతేమిటి? వంతెన మీద పట్టాలను మోసే ఇనప దూలాలు, అంటే గర్డర్లు, 100కు పైగా కొట్టుకుపోయాయి. షెర్జర్ రెక్కలు మాత్రం నిలబడ్డాయి. బాగుచెయ్యడానికి ఆరు నెలలు పడుతుందన్నారు. పైఅధికారి మూడు నెలలన్నాడు. పని అప్పగించింది 32 ఏళ్ళ ఇంజినీరుకు. ఇ. శ్రీధరన్. ఢిల్లీ మెట్రో వల్ల దేశమంతా తెలిసిన ఆ శ్రీధరనే. ఆయన ఇంజినీరింగు చదివింది మన కాకినాడ కాలేజీలో. సముద్రం అడుగున గర్డర్లు ఎక్కడ పడి ఉన్నాయో జాలరులు చూసి చెప్పారు. పాత గర్డర్లనే పైకి తీసి మళ్ళీ ఎక్కించారు. 46 రోజుల్లో రైలు నడిచింది. కాకినాడలో చదివే పిల్లలకు ఈ కథ ఎవరైనా చెబుతున్నారో లేదో గానీ, తప్పకుండా చెప్పాలి.

ఆ ఆరాటం అంతా ఎందుకంటే, అప్పటికి ద్వీపానికి రోడ్డు లేదు. బియ్యం రావాలన్నా, పురిటి నొప్పుల మనిషిని మదురై ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా రైలు, లేదంటే పడవ. రోడ్డు వంతెన 1988లో వచ్చింది. అంటే 74 ఏళ్ళ పాటు ఆ ఊళ్ళకు ఆ పట్టాలే రోడ్డు. గాలి ఉద్ధృతి గంటకు 58 కిలోమీటర్లు దాటితే రైలు ఆపేసేవారు. మనకు అది ప్రయాణంలో ఆలస్యం. రైలు తప్ప దారి లేని రోజుల్లో అక్కడివాళ్ళకు మాత్రం తలుపు మూసేసినట్టే.

సన్నటి పట్టాల మీటర్ గేజి పోయి వెడల్పాటి బ్రాడ్ గేజి 2007లో వచ్చింది. 2022 డిసెంబరులో, పాత వంతెన ఇక మోయలేదని రైళ్ళు ఆపేశారు. రెండేళ్ళకు పైగా యాత్రికులు మండపంలో దిగి, సామాన్లు మోసుకుంటూ బస్సులెక్కారు. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, పక్కనే కట్టిన కొత్త వంతెన మీద రైలు మొదలైంది. దీని మధ్య భాగం లిఫ్టులాగా నిలువునా పైకి లేస్తుంది. కడ్డీలు తిప్పే మనుషులతో ఇప్పుడు పనిలేదు.

ధనుష్కోడి లైను మాత్రం మళ్ళీ వెయ్యలేదు. 2019లో శంకుస్థాపన జరిగింది, పట్టాలు పడలేదు. ఇప్పుడు అక్కడికి రోడ్డు ఉంది. ఇసుకలో స్టేషను గోడలు, పక్కన చర్చి గోడలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య శంఖాలు, గవ్వల దండలు అమ్ముకుంటారు, వేడి వేడి చేపలు వేయించి పెడతారు. మీరు రామేశ్వరం వెళ్తే సాయంత్రం లోపు అక్కడికి వెళ్ళి రండి. పొద్దుగూకితే ఉండనివ్వరు.

రైల్లో వెళ్తున్నవాళ్ళు వంతెన దాటి పాంబన్ స్టేషను రాగానే ఒకసారి కుడివైపు కిటికీలోంచి చూడండి. ధనుష్కోడి అటే. బండి ఎడమకు తిరిగి రామేశ్వరం వెళ్ళిపోతుంది.