రికార్డులో ఉన్న ఇంటి ధరను ఎంతవరకు నమ్మొచ్చు?

(చర్చలో పాల్గొన్నవారు: ఆస్తుల విలువ కట్టే వాల్యూయర్, దస్తావేజుల పని చూసే న్యాయవాది, అమ్మకాల డేటా విశ్లేషకురాలు)

నిర్వాహకురాలు: కొనబోయే ముందు చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు పోయాయో ప్రభుత్వ రికార్డుల్లో వెతకడం మామూలైపోయింది. ఆ అంకె పట్టుకుని బేరం ఆడొచ్చా? లాయరుగారూ, ముందు మీరు చెప్పండి.

న్యాయవాది: ఆడొచ్చు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకున్నాక. రిజిస్ట్రార్ సాధారణంగా ధరను విచారించి రాయడు. దస్తావేజులోనో పన్ను ఫారంలోనో పార్టీలు రాసిచ్చింది ఎక్కించుకుంటాడు. ఇల్లు చేతులు మారిందనడానికి రికార్డు గట్టి సాక్ష్యమే. ధర విషయంలో మాత్రం అది వాళ్లు చెప్పుకున్న మాట.

నిర్వాహకురాలు: ఎక్కువ రాస్తారా, తక్కువ రాస్తారా?

న్యాయవాది: అవసరాన్ని బట్టి. పన్ను తగ్గాలనుకునేవాళ్లు తక్కువ రాస్తారు, లోన్ పెద్దది కావాలనుకునేవాళ్లు ఎక్కువ రాయిస్తారు. భారత్‌లో మాదిరిగా ప్రభుత్వమే కనీస విలువ కట్టే చోట్ల చాలా దస్తావేజులు సరిగ్గా ఆ విలువ దగ్గరే ఆగిపోతుంటాయి.

విశ్లేషకురాలు: అబద్ధం లేకుండా కూడా పన్ను ధరను వంచేస్తుందండీ. బ్రిటన్‌లో 2014 డిసెంబరు దాకా స్టాంప్ డ్యూటీ రేటు మొత్తం ధర మీద పడేది. 2,50,000 పౌండ్ల ఇంటికి 1 శాతం, అంటే 2,500. ఒక్క పౌండు దాటితే 3 శాతం, అంటే 7,500. దాంతో ఆ గీత దగ్గర అమ్మకాలు గుట్టపడేవి, దానికి కాస్త పైన దాదాపు ఖాళీ. అప్పటి డేటాలో 2,50,000 కనిపిస్తే అది ఇంటి విలువా, పన్ను గీతా అని అనుమానించాల్సిందే.

వాల్యూయర్: నన్నడిగితే అబద్ధాల కన్నా రాయితీలతోనే ఎక్కువ చిక్కు. ఇల్లు 3,00,000 డాలర్లు. మరమ్మతుల కింద అమ్మినవాడు క్లోజింగ్ రోజున, అంటే సొమ్ము, పత్రాలు చేతులు మారే రోజున, 9,000 వెనక్కి ఇచ్చాడు. చేతికి వచ్చింది 2,91,000, రికార్డులో 3,00,000. కొత్త ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. బిల్డర్ ధర తగ్గిస్తే ఆ తగ్గింపు రికార్డులోకి ఎక్కి మిగతా ఫ్లాట్ల బేరానికి అడ్డం వస్తుంది. అందుకే ధర కదపకుండా వంటగది ఉచితం అంటాడు, మొదటి ఏడాది వడ్డీ నేనే కడతానంటాడు.

విశ్లేషకురాలు: వేల అమ్మకాల సగటు తీస్తే అలాంటివి సర్దుకుపోతాయి కదా సార్?

వాల్యూయర్: ఎలా సర్దుకుంటాయమ్మా? ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే సర్దుకుంటాయి. రాయితీలన్నీ ఒకవైపే లాగుతాయి. మార్కెట్ చల్లబడినప్పుడు రాయితీలు పెరుగుతాయి, రికార్డు ధరలేమో నిలకడగా కనిపిస్తాయి.

విశ్లేషకురాలు: ఆ మాట నిజమే. ఐర్లండ్‌లో ఇంకో రకం తేడా ఉంది. అక్కడి రిజిస్టర్‌లో 2010 నుంచి అమ్మకాలున్నాయి. కొత్త ఇళ్ల ధర వ్యాట్ కలపకుండా చూపిస్తారు. పాత ఇంటి పక్కన పెట్టి పోలిస్తే కొత్తది చవకగా దొరికినట్టు ఉంటుంది. పూర్తి మార్కెట్ ధర కాని అమ్మకాలకు విడిగా గుర్తు కూడా ఉంది, అదీ చూసుకోవాలి.

నిర్వాహకురాలు: అసలు ధరే రాయని చోట్ల?

న్యాయవాది: అమెరికాలో టెక్సాస్, యూటా లాంటి రాష్ట్రాల్లో ధర వెల్లడించాలన్న నిబంధన లేదు. దస్తావేజులో ‘పది డాలర్లు, ఇతర ప్రతిఫలం’ అని ఉంటుంది. పది డాలర్లకు ఇల్లు ఎవరూ అమ్మరు, అది రివాజు. కొన్ని రాష్ట్రాల్లో బదిలీ పన్ను నుంచి వెనక్కి లెక్క కట్టొచ్చు. ఫ్లోరిడాలో మయామీ-డేడ్ తప్ప మిగతా కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) 100 డాలర్లకు 70 సెంట్లు. దస్తావేజు మీద 2,100 డాలర్ల పన్ను ఉంటే ధర 3,00,000. కాలిఫోర్నియాలో కౌంటీ పన్ను 500కు 55 సెంట్లు. అక్కడ ఓ మెలిక ఉంది: కొన్నవాడు పాత లోన్‌ను తన మీద వేసుకుంటే ఆ మొత్తాన్ని మినహాయించే పన్ను వేస్తారు. 3,00,000 ఇంటికి 330 పడాలి. లక్ష పాత లోన్ ఉంటే 220 పడుతుంది. అది తెలియనివాడు ఇల్లు 2,00,000కే పోయిందనుకుంటాడు.

నిర్వాహకురాలు: డేటా ఫైళ్లు దించుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

విశ్లేషకురాలు: ఇంగ్లండ్, వేల్స్ ల్యాండ్ రిజిస్ట్రీ ఫైలునే తీసుకుందాం. 1995 నుంచి ఉంది, నెలనెలా కొత్తది వస్తుంది. అందులో తేదీ బదిలీ దస్తావేజుది. బేరం అంతకు కొన్ని నెలల ముందే తెగి ఉంటుంది. పైగా నమోదు ఆలస్యం వల్ల చివరి రెండు మూడు నెలలు ఎప్పుడూ అసంపూర్ణమే. ‘అమ్మకాలు కుప్పకూలాయి’ అన్న వార్తలు కొన్ని అక్కడే పుడతాయి. నెలవారీ ఫైలులో చేర్పు, మార్పు, తొలగింపు అని గుర్తులుంటాయి. అవి చూడకుండా ఒకదాని కింద ఒకటి అతికిస్తే ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కకొస్తుంది. ఇల్లు విడిగా ఉందా, వరుసలోదా, ఫ్లాటా అన్నది ఉంటుంది గానీ విస్తీర్ణం, పడకగదుల సంఖ్య ఉండవు. బ్యాంకు జప్తు చేసి అమ్మినవి, కంపెనీలు కొన్నవి 2013 అక్టోబరు నుంచి ‘బీ’ కేటగిరీలో వస్తున్నాయి. మామూలు కుటుంబం కొనే ఇంటితో పోల్చాలంటే వాటిని పక్కన పెట్టండి.

వాల్యూయర్: నాలుగు ఫ్లాట్లు గుత్తగా కొంటే కొన్ని రికార్డుల్లో మొత్తం సొమ్ము నాలుగింటి పేరునా పడుతుంది. ఒకే తేదీ, ఒకే అంకె, పక్కపక్క నంబర్లు కనిపిస్తే అదే. తిరగేసి కూడా జరుగుతుంది: ఇల్లు ఒక దస్తావేజు, పార్కింగ్ ఇంకో దస్తావేజు. ఇంటికి యజమాని కంపెనీ అయి, ఆ కంపెనీ షేర్లు అమ్మేశారనుకోండి, ఇళ్ల రికార్డులో ఆ అమ్మకం కనిపించకపోవచ్చు.

నిర్వాహకురాలు: సరే, మూడు నాలుగు అమ్మకాలు ఎంచుకున్నాం. తర్వాత?

వాల్యూయర్: జాబితాలోని వరుసతో సరిపెట్టుకోకుండా దస్తావేజు నకలు తీయండి. అమ్మింది ఎవరు? బ్యాంకా, కోర్టా, ఒకే ఇంటిపేరువాళ్లా? మొత్తం ఇల్లా, సగం వాటానా? అదే ఇంటి ముందటి అమ్మకం కూడా చూడండి. ఏడాదిన్నరలో ధర ఎగబాకితే నిర్మాణ అనుమతులు తీశారేమో వెతకండి, పై అంతస్తు లేచి ఉండొచ్చు. ఆఖరికి ఆ అమ్మకం చేసిన ఏజెంటుకు ఫోన్ చేసి ‘రాయితీ ఏమైనా ఇచ్చారా?’ అని సూటిగా అడగండి. ఇది రికార్డుల్లో మామూలుగా దొరకదు.

నిర్వాహకురాలు: మన ఇంటి ధరే తప్పు పడితే?

న్యాయవాది: దస్తావేజులో సరిగ్గా ఉండి ఎక్కించేటప్పుడు సున్నా జారిపోతే నకలు జతచేసి దిద్దమని రాయాలి. ఇంగ్లండ్ ఫైలులో అలాంటివి తర్వాతి నెలల్లో ‘మార్పు’ గుర్తుతో వస్తాయి. తప్పు దస్తావేజులోనే ఉంటే రిజిస్ట్రీ తనంతట తాను దిద్దదు. రెండు పార్టీలూ కలిసి సవరణ దస్తావేజు రాసుకోవాల్సి ఉంటుంది, పన్ను తేడా ఉంటే అదీ కట్టాలి.