టవర్ లైన్ పనిలో తనిఖీ: కప్పేయకముందే చూడాల్సినవి

[దృశ్యం: వరుసగా నిలబడ్డ టవర్లు. నెమ్మదిగా ఒక టవర్ కాలి దగ్గరికి]

వాయిస్: హై వోల్టేజ్ లైన్ పూర్తయ్యాక అందరి కళ్లూ పైనే ఉంటాయి. కానీ తర్వాత ఏడిపించే లోపాలు అప్పటికే మట్టి కిందో, తీగల కొసలను కలిపే లోహపు గొట్టం, అంటే స్లీవ్ లోపలో దాక్కుని ఉంటాయి. అందుకే రేపు ఏ గుంతలో కాంక్రీటు పోస్తారో, ఎక్కడ జాయింట్ నొక్కుతారో తనిఖీ చేసే ఇంజినీరుకు ముందురోజే తెలియాలి.

[దృశ్యం: పునాది గుంత. టెంప్లేట్‌కు (కొలతల చట్రానికి) బిగించిన నాలుగు స్టబ్‌లు, అంటే కాంక్రీటులో ఉండిపోయే టవర్ కాళ్ల అడుగు ముక్కలు]

వాయిస్: అడుగు భాగం చతురస్రంగా ఉన్న టవర్‌కు ముందు రెండు కర్ణాలు టేపుతో కొలవండి. రెండూ సమానంగా రావాలి. తర్వాత నాలుగు స్టబ్‌ల లెవెల్, వాలు చూడండి. ఇక్కడ తేడా ఉంటే పైన బోల్టు రంధ్రాలు కలవవు. గ్యాంగ్ వాళ్లు మెంబర్లను, అంటే టవర్ ఉక్కు ముక్కలను, సుత్తితో కొట్టి కూర్చోబెడతారు, జింకు పూత లేచిపోతుంది.

నమూనాగా పోసిన కాంక్రీటు క్యూబ్‌లను 28 రోజులకు పరీక్షించడం అందరికీ గుర్తుంటుంది. గుంత పూడ్చే పనిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇది నాకు చాలా బాధగా అనిపిస్తుంది. గాలి బలంగా తోసినప్పుడు ఒక పక్క కాళ్లు పైకి లేవాలని చూస్తాయి. వాటిని ఆపేది కాంక్రీటు బరువు ఒక్కటే కాదు, పైనున్న మట్టి బరువు కూడా. అందుకే మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయించాలి.

[దృశ్యం: టవర్ ఎత్తుతున్న గ్యాంగ్]

వాయిస్: తీగ లాగకముందే మెంబర్లన్నీ అమర్చారా, బోల్టులు బిగిశాయా, టవర్ నిటారుగా ఉందా చూసేయండి.

[దృశ్యం: హైడ్రాలిక్ ప్రెస్, దగ్గరగా]

వాయిస్: ఇప్పుడు జాయింట్. ఏసీఎస్ఆర్ కండక్టర్‌లో, అంటే స్టీల్‌తో బలం ఇచ్చిన అల్యూమినియం కరెంటు తీగలో, మధ్యన స్టీల్ తీగలు, చుట్టూ అల్యూమినియం తీగలు. స్టీల్‌కు ఒక స్లీవ్, దాని మీద అల్యూమినియంకు ఇంకో స్లీవ్. అల్యూమినియం తీగలను వైర్ బ్రష్‌తో రుద్దారా? పై స్లీవ్ సరిగ్గా మధ్యలోకి రావడానికి కండక్టర్ మీద ముందే గుర్తు పెట్టారా? స్లీవ్ పక్కకు జరిగితే ఆ వైపు పట్టు తగ్గి, లోడ్ పెరిగినప్పుడు జాయింట్ వేడెక్కుతుంది. ప్రెస్‌తో స్లీవ్ నొక్కాక దాని మందాన్ని వెర్నియర్ కొలపరికరంతో కొలిచి, ఆ కొలతను అక్కడికక్కడే రాయించండి.

[దృశ్యం: రెండు టవర్ల మధ్య వేలాడే తీగ]

వాయిస్: సాగ్, అంటే టవర్ల మధ్య తీగ కిందికి వేలాడే లోతు, కట్టేటప్పుడు కండక్టర్ ఉష్ణోగ్రత చూసి, చార్టులో దానికి తగిన కొలతే తీసుకోవాలి. వేడెక్కితే తీగ ఇంకా కిందికి దిగుతుంది. నేల నుంచి ఉండాల్సిన ఎత్తు ఆ గరిష్ఠ వేడిలోనూ మిగలాలి.

[దృశ్యం: తీగకు ఎర్త్ కడుతున్న లైన్‌మన్]

వాయిస్: ఇంకా చార్జ్ చేయని, అంటే కరెంటు ఇవ్వని లైనే కదా అని ఎవరినీ తీగ ముట్టుకోనివ్వకండి. పక్కనే నడుస్తున్న లైన్ ఉంటే ఇండక్షన్ వల్ల ఇందులోనూ ప్రాణం తీసేంత వోల్టేజ్ రావచ్చు. పని చేసే చోటికి రెండు వైపులా తీగను నేలకు కలిపే ఎర్త్ ఉండాలి. కట్టిన ప్రతి ఎర్త్‌నూ రిజిస్టర్‌లో రాయండి. పని ముగిసి, మనుషులంతా దిగి, రాసిన ఎర్త్‌లన్నీ తీసినట్టు లెక్క తేలాకే చార్జింగ్‌కు సంతకం పెట్టండి.