"చూశారుగా, ఇక మీరు చెయ్యండి" అంటే సరిపోదు

[తెరపై: వార్డు. ఒక సీనియర్ డాక్టర్ పేషెంట్‌కి ఐవీ క్యాన్యులా (మందులు, సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో ఉంచే సన్నటి ట్యూబు) పెడుతున్నారు. వెనక నలుగురు వైద్య విద్యార్థులు మెడలు చాచి చూస్తున్నారు.]

చూస్తుండగానే పని అయిపోయింది, ప్లాస్టర్ కూడా వేసేశారు. "చూశారుగా, తర్వాతి పేషెంట్‌కి మీలో ఒకరు పెట్టండి" అన్నారు డాక్టర్ గారు. నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. పాపం, చూడాల్సిందేమిటో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఈ వీడియో నేర్పేవాళ్ల కోసం. చెయ్యి తిరిగిన డాక్టర్‌కి ఆలోచించే పనే ఉండదు, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. పేషెంట్‌కి అది అదృష్టమే. నేర్చుకునేవాళ్లకి మాత్రం అక్కడే చిక్కు. ఆలోచించకుండా చేసే స్టెప్పును నోటితో చెప్పాలని కూడా తోచదు.

[తెరపై: క్యాన్యులా క్లోజప్. సూది మొన, దాని మీద తొడిగిన ప్లాస్టిక్ ట్యూబు.]

అలాంటి స్టెప్పు ఒకటి దగ్గరగా చూద్దాం. సూది నరంలోకి, అంటే రక్తనాళంలోకి, వెళ్లగానే క్యాన్యులా వెనక చాంబర్‌లో రక్తం కనిపిస్తుంది. దీన్నే ఫ్లాష్‌బ్యాక్ అంటాం. కొత్తవాళ్లు "హమ్మయ్య" అనుకుని వెంటనే సూది లాగేస్తారు. నరంలో దొరికిన దారి కాస్తా పోతుంది.

ఎందుకంటే సూది మొన ట్యూబు అంచు కన్నా కొంచెం ముందుకు ఉంటుంది. రక్తం కనిపించిందంటే మొన నరంలోకి చేరిందని మాత్రమే అర్థం, ట్యూబు ఇంకా బయటే ఉండొచ్చు. అందుకే కోణం బాగా తగ్గించి, మరో ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు పోనివ్వాలి. ఆ తర్వాత సూదిని కదలకుండా పట్టుకుని ట్యూబును ముందుకు జరపాలి. కోణం తగ్గించకుండా తోస్తే సూది నరం అవతలి గోడలోంచి దూసుకుపోతుంది. సీనియర్ చెయ్యి ఇదంతా రెప్పపాటులో చేసేస్తుంది, వెనక నిలబడ్డవాళ్లకి ఒకే కదలికలా కనిపిస్తుంది.

[తెరపై: స్కిల్స్ ల్యాబ్. బల్ల మీద ప్రాక్టీసు కోసం బొమ్మ చెయ్యి.]

దీనికి సర్జన్ రోడ్నీ పేటన్ 1998లో వివరించిన నాలుగు దశల పద్ధతి బాగా పనికొస్తుంది. మొదట మాట్లాడకుండా, మామూలు వేగంతో చేసి చూపించండి. రెండోసారి నెమ్మదిగా, ప్రతి స్టెప్పూ ఎందుకో చెబుతూ చేయండి.

మూడో దశే అసలైనది. చాలామంది టైమ్ లేదని వదిలేసేదీ దీన్నే. ఇక్కడ విద్యార్థి చెబుతుంటే మీరు చేస్తారు. చెప్పింది మాత్రమే చేస్తారు. "రక్తం కనిపించింది సార్, సూది తీసెయ్యండి" అన్నారనుకోండి, చెయ్యి ఆపి, "ఇప్పుడు ట్యూబు ఎక్కడుంది?" అని అడగండి. ఆ తప్పు బొమ్మ చెయ్యి మీదే బయటపడిపోతుంది, ఎవరికీ నొప్పి లేకుండా. నాలుగో దశలో విద్యార్థి చెబుతూ తనే చేస్తారు.

[తెరపై: విద్యార్థిని సూది పట్టుకుని ఉంది. పక్కన టీచర్.]

అయ్యాక "బాగా చేశావమ్మా" అని వదిలేయకండి. "కోణం తగ్గించడం బాగుంది, కానీ చేతికి బిగించిన టోర్నికే పట్టీ విప్పకముందే సూది తీశావు, అందుకే రక్తం కారింది" అని చెబితే మళ్లీసారి ఏం మార్చుకోవాలో తెలుస్తుంది. ప్రాక్టీసు కూడా ఒకేరోజు గంటల తరబడి కన్నా, కొన్ని రోజుల ఎడంతో కొంచెం కొంచెంగా చేయిస్తే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇంకో మాట. సూది చేతికి రాగానే చాలామంది విద్యార్థులకి నోరు మూతపడిపోతుంది. పేరు అడగడం, అనుమతి తీసుకోవడం, "ఇప్పుడు చిన్న పోటు పడుతుంది" అని ముందే చెప్పడం కూడా పనిలో భాగమే. బొమ్మ చెయ్యితోనైనా సరే, ఈ మాటలు మొదటి రోజు నుంచీ పైకి అనిపించండి.

[తెరపై: వార్డు తలుపు బయట టీచర్, విద్యార్థిని.]

నిజమైన పేషెంట్ దగ్గరికి వెళ్లేముందు ఒక హద్దు పెట్టుకోండి. "రెండుసార్లు ప్రయత్నించు, దొరక్కపోతే నాకిచ్చెయ్, అందులో తప్పేం లేదు" అని గదిలోకి అడుగు పెట్టకముందే చెప్పండి. విద్యార్థికి టెన్షన్ తగ్గుతుంది, పేషెంట్‌కి అనవసరపు పోట్లు తప్పుతాయి.